ఖాళీ చేసేవాడు

నా ఉద్యోగం ఖాళీ చేయడం.
అటకామా ఎడారిలో, మబ్బులు కూడా ఎక్కిరాని కొండ మీద,
టెలిస్కోపు కంటిని చల్లగా దాచిన ఉక్కు డబ్బాలోంచి
గాలిని తోడి బయట పారబోయడం.
ఇరవై ఆరేళ్లుగా తోడుతున్నాను.
ఒక్కనాడూ పూర్తిగా ఖాళీ అవలేదది.

పంపు గొంతు బొంగురుపోయేదాకా లాగినా
గేజీ మీద సూది సున్నాకి వెంట్రుకవాసి ఇవతలే ఆగుతుంది.
రబ్బరు వాషరు ఊపిరి వదులుతుంది.
ఉక్కు తనంత తనే చెమరుస్తుంది.
ఏమీ లేకపోవడం
అంత తేలిగ్గా దొరికే సరుకు కాదు.

ఫ్రేసియా అని ఒక పిల్ల, సాంతియాగో నుంచి వచ్చింది.
ఈ ఎత్తుకి ఊపిరాడక మొదటి వారమంతా కోకా ఆకు నమిలింది.
గెలాక్సీలు ఒకదాన్నొకటి ఎంత వేగంగా విడిచిపోతున్నాయో
లెక్క కట్టడం ఆమె పని.
రాత్రి మూడింటికి, వంటగదిలో చల్లారిన సూపు ముందు చెప్పింది:

"నోల్బెర్తో, నీ డబ్బాలో గాలంతా తీసేశావనుకో,
అయినా ఒకటి మిగులుతుంది. ఏ పంపుకీ అందదు.
అది చోటుకే ఉన్న బలం.
చోటు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది, పల్చబడదు.
విశ్వాన్ని లోపల్నుంచి నెడుతున్నది అదే."

పల్చబడదా? అన్నాను.
నీళ్లు పోస్తే పల్చబడని పాలు నేనెక్కడా చూళ్లేదు.

ఆమె చెంచా కింద పెట్టింది.
"పదకొండేళ్లు పల్చబడదనే రాశాను.
ఇప్పుడు గీత వంగుతోంది.
చాలా కొంచెం. మా పొరపాటూ కావచ్చు.
కానీ వంగుతోంది."

మొదట్లో, రెప్పపాటులో రెప్పపాటంత సేపు,
ఈ ఖాళీయే పొంగిందట,
ఆవగింజలో అణువంత లేనిదాన్ని ఆకాశం చేసిందట.
పొంగు దిగాక వేడీ వెలుగూ మిగిలాయట.
ఇవాళ నెడుతున్నది ఆ పొంగు అడుగున మిగిలిన తడేమో,
అదే శక్తి ముసలిదై, ఇంకా దిగుతూనే ఉందేమో.
ఏమో అన్న ప్రతిసారీ ఆమె గొంతు సన్నబడింది.

మా అమ్మ లామాలు కాసేది.
నాకు చుక్కలు చూపించలేదామె.
చుక్కల మధ్య నలుపు చూపించింది:
అదిగో మెడ, అదిగో వీపు, పొట్ట కింద పాలు తాగే పిల్ల.
కళ్లు మాత్రమే రెండు చుక్కలు.
మిగతా జంతువంతా చీకటే.
నడిరాత్రి దాటాక నీళ్లకోసం మెడ వంచుతుందనేది.

ఫ్రేసియాని బయటికి లాక్కెళ్లాను.
చాలాసేపు దొరకలేదామెకి. అలవాటు కొద్దీ చుక్కల్నే వెతికింది.
తర్వాత నా చేయి గట్టిగా పట్టుకుని
"వంగుతోంది" అంది.
దేని గురించి అన్నదో నేనడగలేదు.

లోపల అలారం మోగింది.
సూది రెండు గీతలు జరిగింది, ఎక్కడో కారుతోంది.
చలికి మొద్దుబారిన వేళ్లతో బోల్టులు బిగిస్తూ అడిగాను:
ఆ పెద్ద ఖాళీకి కూడా నాలాంటివాడు ఒకడుంటాడా,
గేజీ ముందు కునుకు తీయకుండా?

"ఎవరూ లేరు" అంది టార్చి పట్టుకుని,
"అందుకే కదా మేము చూస్తున్నది."

ఆరో బోల్టు ఇంకో పావువంతు తిప్పాను.
సూది కాస్త దిగింది.
సున్నాదాకా కాదు.