నాలుగో మెట్టు

పెరట్లో నీళ్ళ మోటారు పోయిన మర్నాడు
డాబాగార్డెన్స్‌లో లోవరాజు కొట్టుకి వెళ్ళాను.
గాజు బల్ల మీద వరసగా పెట్టాడు
తెల్ల గుడ్లలాంటి కెమెరాలు ఆరు.
"వైరుది వద్దమ్మా,
మల్కాపురం అంటన్నారు గదా,
మీ ఉప్పుగాలికి తీగ ఏడాది ఆగదు,
చిలుం పట్టి పచ్చగా పూస్తాది."

నాకు తెలుసు.
హుద్‌హుద్ వెళ్ళిపోయిన వారం
కరెంటు స్తంభాలు రోడ్డుకి అడ్డంగా పడుకుంటే
చీకట్లో ఒకరి దగ్గుని బట్టి ఒకరం
బతికున్నామని తెలుసుకున్నాం.
గోడకి దిగేసిన ఏ వైరూ ఆ వారం
ఎవరికీ ఏమీ చెప్పలేదు.

బేటరీదే చూపించమన్నాను.
పోర్టు వేబ్రిడ్జి దగ్గర పదకొండేళ్ళుగా
లారీల బరువు రాసేదాన్ని,
కాటా ఎంతంటే అంత అనుకునే అలవాటు లేదు.
"ఆర్నెల్లు వస్తుందని అట్ట మీద రాశారు.
ఎవరి ఆర్నెల్లు?"
లోవరాజు నవ్వాడు.
"కుక్కల్లేని వీధి ఆర్నెల్లు."
మా వీధిలో పద్నాలుగు.
ఊగిన ప్రతి తోకకీ అది కళ్ళు తెరుస్తుంది,
తెరిచినప్పుడల్లా కాస్త చస్తుంది.
"మీకు రెణ్ణెల్లే. ఇంకో బేటరీ కొనుక్కోండి,
ఒకటి చార్జింగు ఎక్కుతుంటే ఒకటి కాపలా కాస్తాది."
సోలారు పలక తియ్యబోయి
"మీ బొగ్గు ధూళిలోనా" అని తనే పక్కన పెట్టేశాడు.

నెలనెలా డబ్బు కట్టించుకుని
మన వాకిలిని ఎక్కడో మబ్బుల్లో దాచేది ఒకటి.
చిటికెనవేలి గోరంత కార్డులో
తన కడుపునే దాచుకునేది ఒకటి.
నా వాకిలి నా ఇంట్లోనే ఉండాలి,
కార్డుదే కట్టమన్నాను.

మెట్లూ పెరటి సందూ రెండూ అందే మూల చూసి
చూరు కింద బిగించాను.
మొదటి వారం అది పట్టిన దొంగలు:
పాల పాకెట్టు వాసన చూసిన పిల్లి.
ఆరేసిన లంగా, గాలికి, తొమ్మిది సార్లు.
డ్యూటీ దిగి వచ్చి, మెడ నిండా నుసితో,
తాళంచెవి కోసం సంచీలో మూడు నిమిషాలు
దేవులాడుకునే నేను.
నన్ను నేను పైనుంచి ఎప్పుడూ చూసుకోలేదు.
పాపిట వెడల్పయింది.

ఎనిమిదో రోజు, తెల్లారగట్ల నాలుగూ పదికి
తలగడ కింద ఫోను వణికింది.
గొళ్ళెం చప్పుడు కాకుండా ఎత్తడం తెలిసిన చెయ్యి.
చెప్పులు చేత్తో పట్టుకొచ్చి
మా నాలుగో మెట్టు మీద కూర్చుంది
ఎదురింటి నూకరత్నం.
ఏమీ తియ్యలేదు. ఏమీ పెట్టలేదు.
బూడిదరంగు బొమ్మలో కళ్ళు రెండు తెల్ల చుక్కలై
మోకాళ్ళకి గడ్డం ఆనించి పదకొండు నిమిషాలు.
వాళ్ళ లైటు వెలిగి మా గేటు మీద పడింది.
లేచి వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే. రెండ్రోజులు మాని, మళ్ళీ.

దొంగని అదిలించడానికని
ఫోన్లో మాట్లాడే బొత్తం ఒకటుంది.
నా వేలు దాని దాకా వెళ్ళింది,
"ఏటి నూకరత్నం" అందామనే.
చూరు కింద నుంచి గొంతు ఊడిపడితే
ఆ మెట్టు ఇక ఆమెకి పనికిరాదు.
వేలు తీసేశాను.

కుళాయి దగ్గర తనే అడిగింది.
"మోటారు దొరికిందేటి వదినా?"
"నేదు."
"కెమెరా ఎట్టీసినారట. అన్నీ అవుపిస్తాయేటి?"
బిందె నిండి పొర్లిపోతోంది, ఇద్దరం తియ్యలేదు.
"పెరటి సందు వరకే. మెట్ల దాకా రాదు."

ఆ అబద్ధాన్ని రాత్రికి నిజం చేశాను.
ఎక్కడ చూడాలో వేలితో గీత గియ్యమంటుంది అది.
కొత్త మోటారు, పిట్టగోడ, పెరటి తలుపు,
అంత వరకు గీసి
మెట్లు నాలుగూ గేటూ బయట వదిలేశాను.

ఆదివారం తడిగుడ్డతో
దాని కంటి మీద బొగ్గు తుడుస్తాను.
అదే గుడ్డ జాడించి నాలుగో మెట్టు కూడా.

బేటరీ మూడు నెలల పైన వస్తోంది.
లోవరాజుకి ఆశ్చర్యం, ఎలాగమ్మా అన్నాడు.
కుక్కలు తగ్గాయన్నాను.