పేరు, అక్షరం అక్షరం

పేరు చెప్పండి అన్నాను.
ఫోల్క్‌మార్ డ్రెస్సెల్.
అక్షరాలు విడివిడిగా చెప్పమన్నాను.
టనుండాలో మందుల షాపు కౌంటరు వెనక
నాకేం తెలుసు?

వి అని రాసి ఫ అని పలకాలట.
ఒక్కో అక్షరం దించాడు
మూట దించుకుంటున్న కూలీలా, హాయిగా.

నెలకో డబ్బా బీపీ మాత్రలు.
ఎండకి కందిన ముక్కు, పెయింటు మరకల చొక్కా.
ద్రాక్షతోట అంచున ఇల్లు కొన్నాడని విన్నాను,
కంచె తనే వేసుకుంటున్నాడని.

మొన్న గురువారం, వరసలో వెనక
వాల్‌ట్రౌట్ గారి చేతికర్ర ఠప్పున కిందపడింది.
"మీరు... శనివారం రాత్రి!"
కాసెల్‌లో వీధులు ఖాళీ అయ్యేవిట.
ట్రాములో డ్రైవరొక్కడే మిగిలేవాడట.
పెళ్లి భోజనం మధ్యలో వదిలేసి
పెళ్లికొడుకే టీవీ ముందు కూచున్నాడట.
తళుకుల కోటు, మేకపిల్లతో ఇంటర్వ్యూ,
నిచ్చెన మీంచి జారిపడ్డ ఆ రాత్రి
యుద్ధం నించి వచ్చాక వాళ్ల నాన్న
మొదటిసారి పళ్లు కనపడేలా నవ్వాడట.

ఆయన వంగి కర్ర తీసిచ్చాడు.
"చాలామంది అలాగే అంటారమ్మా,
పోలికలు, అంతే."
ఇంగ్లీషులోనే అన్నాడు.

ఆవిడ సిగ్గుపడి
దగ్గుమందు కొనకుండానే వెళ్లిపోయింది.

అయిదు నిమిషాలకి మళ్లీ వచ్చాడు.
గొడుగు మర్చిపోయానన్నాడు.
ఇక్కడ వాన పడి నాలుగు నెలలు.
కుర్చీల కింద వెతికినట్టు వెతికి
అద్దంలోంచి వీధి ఆ చివరిదాకా చూశాడు.

"మేకపిల్ల కాదు," అన్నాడు నాతో, మెల్లగా.
"బాతు.
ఆవిడ మళ్లీ వస్తే చెప్పు."