రెప్ప చప్పుడు

మా కొత్త కెమెరాకు రెప్ప లేదు.
లోపల ఏదీ లేవదు, ఏదీ వాలదు.
చిటికె వేసేలోపు నలభై బొమ్మలు లాగేస్తుంది,
పిల్లి పాలు తాగినట్టు,
అదీ కళ్ళు తెరుచుకునే.

అమ్మకాల వాళ్ళు ఫిర్యాదు మోసుకొచ్చారు:
పెళ్ళిళ్ళలో జనం నవ్వు ఎప్పుడు ఆపాలో తెలియక
దవడలు పట్టేసి నిలబడిపోతున్నారట.
"ఏదో ఒక చప్పుడు పెట్టండి" అన్నారు మొమొసె గారు.
ఆ "ఏదో ఒకటి" నా బల్ల మీదికి వచ్చి పడింది.

సువా సరస్సుకు ఇవతల,
మూతపడ్డ ఫ్యాక్టరీ వెనక సందులో
కురాషినా ఫుసాయె ఉంటుంది. ఎనభై మూడేళ్ళు.
ముప్పై ఒక్క ఏళ్ళు షట్టర్లు విన్న మనిషి.
చూడ్డం కాదు, వినడమే ఉద్యోగం.
స్ప్రింగు వెంట్రుకవాసి బిగిస్తే మూలుగుతుంది,
వదిలేస్తే నసుగుతుంది.
సెకనులో వెయ్యో వంతు ఎక్కడ తడబడిందో
మిషను ముల్లు కదిలేలోపే
ఆ కెమెరాను పక్క ట్రేలోకి నెట్టేసేదట.

మా నిశ్శబ్దపు గదిలో కూర్చోబెడితే నవ్వింది:
"నా గుండె ఇంత గోల చేస్తుందా!"

పదకొండు చప్పుళ్ళు వినిపించాను.
మొదటిదానికి, "ప్లాస్టిక్కుకు దగ్గొచ్చింది."
నాలుగోదానికి, "ఎవడో అలిగి తలుపేసుకుని పోతున్నాడు."
ఏడోది వాళ్ళ ఫ్యాక్టరీదే, ఆమె చేతుల మీదుగా వెళ్ళినదే.
తల వంచి రెండోసారి వింది.
"మంచిదే. కానీ ఎండల్లో పట్టారు. నూనె పలచబడింది."
ఫైలు తీసి చూశాను. ఆగస్టు పదహారు.

అప్పుడడిగింది:
"ఏదీ, ఆ మూగదానితో నన్నొకటి తియ్యి."
కాలరు సర్దుకుంది, గడ్డం ఎత్తింది.
నేను తీశాను.
ఆమె కదల్లేదు.
"తీశావా?"
"తీశానండీ."
"ఎప్పుడు?"

తెర మీద నూట పన్నెండు మంది ఫుసాయెలు,
ఒక్కరూ ఊపిరి వదల్లేదు.
మొదటి బొమ్మకూ చివరి బొమ్మకూ నడుమ
మెడ మీద నరం ఒక్కటే
కొంచెం కొంచెంగా పైకి తేలింది.

చాలాసేపు చూసి అంది:
"ఆ చప్పుడు తీసేవాడి కోసం కాదు బాబూ,
ఎదురుగా కూర్చున్నవాళ్ళ కోసం.
అయిపోయింది,
ఇక మీ మొహం మీరు తీసుకోండి, అని."

ఇంటికి దింపుతుంటే సరస్సు దగ్గర కారు ఆపమంది.
ఒకప్పుడు జనవరి నడిరాత్రి
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మంచు బీటలు వారేది.
దేవుడు నడిచి దాటుతున్నాడనేవారు.
రాత్రి షిఫ్టు ఆడవాళ్ళంతా
స్క్రూడ్రైవర్లు కింద పెట్టి చెవులు రిక్కించేవారట.
ఎన్ని చలికాలాలైందో గడ్డ కట్టి.
నల్లటి నీళ్ళు, రెండు బాతులు, అవతల హోటలు దీపాలు.
"దీనికి కూడా పెడతారా స్పీకరు?" అంది.
నవ్విందో లేదో చీకట్లో తెలియలేదు.

కెమెరా మార్చిలో బయటికి వచ్చింది.
మెనూలో నాలుగో పేజీ, అట్టడుగున, మూడు చప్పుళ్ళు.
రెండోది ఆమెది:
పాత కెమెరాను రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టించి
తెల్లారకముందే పట్టించింది.
కొన్నప్పుడు మూడూ ఆపేసే ఉంటాయి.
వెతికి పెట్టుకునేవాళ్ళు నూటికి ఇద్దరని లెక్క తేలింది.
మొమొసె గారు ఆ కాగితం నాకు చూపించి
ఏమీ అనకుండా మడిచేశారు.

నిన్న స్టేషను పక్క వీధిలో
సోబా కొట్టు ముసలాయన్ని గుమ్మంలో నిలబెట్టి
ఒకమ్మాయి ఫోటో తీస్తోంది.
మోచేతుల దాకా పిండి,
మొహం మాత్రం పాస్‌పోర్టు బొమ్మలా బిర్రుగా.
టక్కుమంది.
చన్నీళ్ళలోంచి తీసిన చప్పుడు, రెండోది.
ఆయన భుజాలు కిందికి దిగాయి.
దారికి అడ్డంగా నిలబడ్డానని నన్ను కసిరి
లోపలికి పోయాడు.