ఆది

పెంచలయ్య పాత గేరుబాక్సు మూతను
నా బల్ల మీద పెట్టిన ఊపుకి
టీ గ్లాసు కదిలి కాగితాల మీద ఒలికింది.
మైపాడు వైపు రొయ్యల గుంటలో
మూడేళ్లు నీళ్లు చిలికిన ఏరియేటరుది.
ఉప్పు కొరికిన అంచు, విరిగిన ఒక చెవి.
"రేత్రికి చక్రాలు తిరక్కపోతే
తెల్లారేసరికి రొయ్య పైకి తేలుద్ది హసీనమ్మా,
ఇంకో మూత గీసియ్యి."

గియ్యను.
నా పనిలో గుట్టు అదే.
గేరుబాక్సు ఒళ్లు ముందే తెర మీద ఉంది,
నిరుడు వెర్నియరు పట్టి కళ్లు నొప్పెట్టేలా కొలిచింది.
దాని పై ముఖాన్ని ఎంచుకుంటాను,
అంచుల్ని ఒక్కొక్కటే తాకుతాను,
ఒక్క నొక్కు.
ఉన్న గీతలు కొత్త కాగితం మీదికి
నీడల్లా దిగొస్తాయి.
కొలత అడగవు, కేంద్రం ఎక్కడని అడగవు,
తాము ఎవరి పిల్లలో వాటికి తెలుసు.

పెంచలయ్యకిది వింత కాదు.
కార్కు షీటును లోహం మీద పరిచి
గుండు సుత్తితో అంచు వెంట టకటకా కొడతాడు.
చిల్లున్న చోట చిల్లు, వంపున్న చోట వంపు,
స్కేలు ముట్టకుండానే ప్యాకింగు తయారు.
"నీ కంప్యూటరు నా సుత్తిని చూసి నేర్చుకోనుంటాది"
అంటాడు, చెవి వెనక బీడీ సర్దుకుంటూ.

మా అమ్మకీ వింత కాదు.
ట్రంకు రోడ్డు టైలరుకి గుడ్డతో పాటు
ఎప్పుడూ ఒక ఆది జాకెట్టు ఇస్తుంది.
ఆయన మెళ్లో టేపు ఊరికే వేలాడుతుంటుంది.
ఆది అంటే మొదలని బళ్లో చెప్పారు,
కొలత అని అమ్మ చెప్పింది.
రెండూ ఒకటేనని
ఈ తెర ముందు కూర్చున్నాకే తెలిసింది.

ఇక నా తప్పు.
ఏడు బోల్టు రంధ్రాల్లో
ఆరింటిని ఒంటి అంచుల నుంచే తెచ్చుకున్నాను.
ఏడోదానికి ఫోను మోగింది.
అంకె కొట్టి పెట్టేశాను: ముప్పై ఎనిమిదిన్నర.
సరైనదే, ఆ రోజుకి.

దసరా దాటాక గుంటలాయన పెద్ద మోటారు కొన్నాడు.
ఒంటిని నాలుగు మిల్లీమీటర్లు వెడల్పు చేశాను.
మూత తనంతట తనే పెరిగింది.
ఆరు రంధ్రాలు తల్లికోడి వెంట పిల్లల్లా జరిగాయి.
ఏడోది పాత చోటే నిలబడింది,
అందరూ ఇల్లు మారారని ఎవరూ చెప్పనట్టు.
తెర ఎర్రబడలేదు. దానికి తప్పేమీ కనపడలేదు.
అంకె అంకెలాగే ఉంది కదా.

మూత కోసుకొచ్చారు. ఆరు బోల్టులు దిగాయి.
పెంచలయ్య వేలు దూర్చి చూశాడు.
"ఈ ఏడోది ఎవురి బిడ్డమ్మా?"
షెడ్డంతా నవ్వింది, నేనూ నవ్వాను.
అల్యూమినియం ధర తెలిశాక నవ్వలేదు.

అట్లాగని అన్నీ అరువు తెచ్చుకున్నా కుదరదు.
ఒకసారి అరిగిన మూతకే ఫోటో తీసి
దాని అంచుల మీదే గీతలు తీశాను.
ఉప్పు తిన్న సొట్ట కూడా బుద్ధిగా వచ్చేసింది,
కొత్త లోహంలో పాత గాయం,
తళతళలాడుతూ.

నిన్న అమ్మ కొత్త జాకెట్టు తొడుక్కుంది.
భుజం జారింది, చంక కింద పిడికెడు వదులు.
షుగరొచ్చి తను చిక్కి మూడేళ్లవుతోంది,
ఆది జాకెట్టుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.
టైలరు ఏటేటా
పాత అమ్మకే కుట్టి పంపుతున్నాడు.

టేపు తీసి "చేతులెత్తు" అన్నాను.
గిలిగింతలని మెలికలు తిరిగింది.
ముప్పై రెండు
అని నేను రాసుకునే లోపే
ఊపిరి పీల్చింది.
ముప్పై రెండున్నర.