కొసరు

ఎచ్చెర్ల నుంచొచ్చిందా బొట్టి,
బస్సు దిగి, జోళ్లు సేత్తో పట్టుకుని ఇసకలో.
"కూరకి కాదమ్మా,
రకానికి ఒక్కోటి సాలు" అంది.
నా తట్ట కాడ ఇంతమంది కూకున్నారు గానీ
రెక్కముక్క కత్తిరించి స్పిరిటు బుడ్డీలో ఏసుకున్నోళ్లని
నానిదే సూడ్డం.

కానాగంత, చందువ, సావిడాయి, పండుగప్ప.
బుడ్డీ మీద పేరు, తేదీ, బందరువానిపేట.
ఏటెతుకుతున్నావే అంటే
గొడుగు కింద సేరి సెప్పింది.
యామినంట. పలాసోళ్లంట.

సేప లోపల రాత ఉంతాదంట.
కన్నెలగుండాల, ముల్లెక్కడ మొలవాల,
ఉప్పునీళ్లలో ఎలగ నెగ్గుకురావాల
అంతా రాసున్న పొత్తకం.
ముప్పై కోట్ల ఏళ్ల పైమాట,
ఏ గుడ్డులోనో పొరపాట్న
ఆ పొత్తకం రెండుసార్లు దిగిపోనాదంట,
మొదటచ్చరం నుంచి సివరి సుక్క దాకా.
ముల్లున్న ఈ సేపలన్నీ దాని పిల్లలేనంట.

"మరి రెండోది పారీలేదా?" అన్నాను.
"సేనా పారీసింది. సేనా మట్టుకు సెదలు తినీసింది."
"మిగిలిందో?"
ఆ బొట్టి మాటలు ఎతుక్కుంతంది.
నాకప్పటికే బోధపడిపోనాది.

ఇంటికి ఒకటే వలుందనుకో,
మా మావ దాని మీద ఎవుర్నీ సెయ్యెయ్యనివ్వడు.
కన్నొకటి తెగితే దీపమెట్టుకుని అల్లుతాడు.
ఆ కన్ను తిన్నగా ఉంటేనే మాపటికి పొయ్యెలుగుతాది మరి.
రెండో వలుంటే?
కోళ్లగూటికి కట్టీవొచ్చు, ఉట్టి సేసీవొచ్చు,
పిల్లడు కోసి ఊయలేసుకున్నా అడిగీవోడు లేడు.
ఎవుడో పిచ్చోడు కన్ను సిన్నది సేసి
నెత్తళ్లకేసి సూస్తాడు.
పడితే పడ్డాయి.
లేపోతే రెండిటినీ ఎలకలు కొట్టీసినాయనుకో,
దీనికి కింద సిల్లు, దానికి మీద సిల్లు,
రెండూ కలిపేస్తే గాని ఒక వల అవదు.
అప్పుడింక ఏదీ పారీలేవు.

యామిని పెన్ను ఆపీసి నా మొకమే సూసింది.
ఎక్కడో అడివి నదిలో కరెంటు కొట్టే సేపుందంట,
కండ కదిలించే రాత దానికి రెండుంతే
ఒకటి కండ కాడే ఉండిపోనాది,
రెండోది పని లేక పని లేక
మెరుపు నేర్సుకుంది.

పని లేక అంటే గురుతొచ్చింది.
మా ఇంట్లో నూకరత్నాలం ఇద్దరం.
నాయనమ్మ పేరే నాకెట్టారు.
"ఓలె నూకరత్నం" అని కేకేస్తే
ముసిల్దే పలికీది, ముసిల్దే లెగిసీది.
నీళ్లు, పొయ్యి, దూడ, దులుపుడు,
ఆ పేరుకున్న పనంతా అదే సేసీది.
నాను ఒట్టి పేరు పట్టుకుని ఒడ్డుకి పారిపోయీదాన్ని.
సూరాడ దానయ్య సేపల పాట పాడతా ఉంటే
తట్టెనకాల నిలబడి
వంద, నూటయాబై, రెండొందలు
పెదాలు కదిపీదాన్ని.
దానయ్య గొంతు పూడుకుపోయిన పొద్దు
కోనేలు ఎండకి మెత్తబడిపోతన్నాయి,
నానే పాడీసినాను.
ఆడది పాట పాడ్డమేటన్నారు.
అన్నోళ్లే కొన్నారు.

ముసిల్ది పోయిన్నాడు
గుమ్మంలో ఎవురో "నూకరత్నం" అని ఏడిస్తే
లోపల్నుంచి నాను "ఆఁ" అన్నాను.
అదే మొదలు.

సొరకి ఈ రెండో పొత్తకం లేదంట,
అంతకు ముందే దాని దారి అది సూసుకుందంట.
"దానికేటమ్మా లోటు?
రెండు వలలూ కొరికీసి పోతాది" అన్నాను.
నవ్వింది. బదులు సెప్పలేదు.
రాసుకుంది మాత్రం.

పొద్దు వాలీ ఏలకి బుడ్డీలు పెట్టిలో సర్దింది.
నూటెనబై తీసుకున్నాను.
సెయ్యి దానంతటదే తట్టలోకి ఎల్లి
గుప్పెడు నెత్తళ్లు ఆకులో కట్టీసింది.
"ఇవి లెక్కలో లేవమ్మా" అంది, సీటీ సూసుకుంటా.
"కొసరే, పట్టికెళ్లు.
ఏపుకుంటావో, ఎండెట్టుకుంటావో,
దానికి పనేటని ఎవురడుగుతారు."