సంబంధం అన్న గడి

రాత్రి రెండున్నరకు
మామాను ఎడమ పక్కకు తిప్పాల.
నాలుగున్నరకు కుడి పక్కకు.
(ఇంటి పెద్దామెను ఇక్కడ మామా అంటాం.)
నడిమధ్య రెండు గంటలు నావి.

కిటికీ కింద జహ్రా.
మూసిన బఖాలా, చెత్తడబ్బా మూత మీద పిల్లి,
ఏసీ నీళ్ళు కారి కారి నల్లబడిన గోడ.
మందులషాపు రసీదు తిరగేసి
దాని వెనక లెక్క రాస్తా.

డైపర్లు రోజుకు ఐదు.
వీపు పుండుకు పూసే మందు, వేలెడంత ట్యూబు, నాలుగు దినార్లు.
గాలి పరుపు. దాని మోటారు రెండు తూర్లు చెడింది.
ముక్కు గొట్టంలో పోసే పాలపొడి
నేను తినే తిండికి ఆరింతలు.
ఆఖర్న నేను, నూట ఇరవై.
ఒక మనిషి కదలకుండా ఉండటానికి
నెలకు ఇంత కదలాల.

కొడుకులు చెడ్డోళ్ళు కారు.
నలుగురూ నెల మొదట్లో దివానియాలో కూర్చుని
టీ గ్లాసులు పక్కకు జరిపి వంతులేసుకుంటారు.
ఆమె పేర్న ఉన్న ఇంటి పంపకం ఇంకా కాలేదు.
ఆమె పంపకం ముందయింది.
మామాకు ఇవేవీ తెలవవు.
ఒళ్ళు తుడిచేటప్పుడు నన్ను యుమ్మా అంటాది, అమ్మా అని.
ఎనభై ఏడేండ్ల ఆమె, యాభై రెండేండ్ల నన్ను.

ఒక రాత్రి అదే లెక్క రూపాయల్లోకి మార్చి
పైన పెంచలమ్మ అని నా పేరు రాసి చూసినా.
ఊరి ధరలు వేసినా,
గాలి పరుపు కొట్టేసి నులకమంచం వేసినా,
పందొమ్మిదేండ్ల ఆకామాలన్నీ కలిపి
నేను మంచంలో ఉండగలిగేది
ఇరవై రెండు నెలలు.
ఇరవై మూడో నెల ఎవురిది?

మస్తాన్‌బీకి చెప్పినా.
రాయచోటి మనిషి, ఎదురింట్లో ముసలాయనకు తినిపిస్తాది.
పదేండ్లుగా రాత్రి పదకొండుకు చెత్తడబ్బా కాడ కలుస్తాం.
ఒకరి చేతి వాసన ఒకరికి తెలుసు,
ఇద్దరిదీ డెటాలే.
శుక్రవారం మాలియా బస్సులో ఒప్పందం అయింది:
ముందు పడిన మనిషిని
రెండో మనిషి తిప్పాల, రెండు గంటలకొకసారి.
చిట్టీ డబ్బు, పాలసీ డబ్బు అందుకే.
ఇద్దరం ఒకేసారి పడితే? అనింది.
కడ్డీ పట్టుకుని నిలబడినోళ్ళంతా తిరిగి చూసేట్టు
నవ్వినాం.

పాలసీ కాగితాలు నింపేది సిద్ధవటం ఓబులేసు.
నామినీ పేరు: షేక్ మస్తాన్‌బీ.
వయసు: యాభై.
సంబంధం అన్న గడి కాడ పెన్ను నిలబడింది.
రక్తసంబంధం అయితే సుళువక్కా,
చెల్లెలి కొడుకు ఉన్నాడు గదా, అన్నాడు.
ఉన్నాడు. మంచోడే. ఆకామా నెలలో ఫోను చేస్తాడు.
నన్ను ఏ పక్కకు తిప్పాలో వానికి తెలదు.
స్నేహితురాలు అని రాయమంటే
ఆఫీసులో ఒప్పుకోరన్నాడు.
తోడు అని రాయమంటే నవ్వినాడు.
మస్తాన్‌బీ ఏం మాట్లాడలా.
పర్సు జిప్పు తీసింది, వేసింది, తీసింది.

ఈ రాత్రి పాలసీ పక్కన పెట్టి వీలునామా రాస్తాండా.
పంచేది సులువే.
చెవుల కమ్మలు చెల్లెలి కూతురికి.
రాజంపేట బైపాసు పక్క రెండు సెంట్లు దాని తమ్మునికి.
వీటన్నిటికీ పైన ఒక మాట,
మూడు తూర్లు కొట్టేసి మూడు తూర్లు రాసినా:
నన్ను తిప్పిన చేతుల కూలి పోగా
మిగిలితేనే ఇవన్నీ.
ఆ చేతుల పేరు రాసినా.
తండ్రి పేరు రాసినా, ఊరు రాసినా.
తర్వాత గడి ఖాళీ.

ఎదురింటి మేడ మీద లైటు పడింది.
ముసలాయనకు దగ్గు ఎక్కువైనట్టుంది.
నాలుగున్నర.
కుడి పక్క.