ఊపిరి బిగబట్టండి

తొలోసా ఆస్పత్రి నేలమాళిగలో
పంతొమ్మిదేళ్లుగా నా మాట ఒకటే:
కదలకండి. ఊపిరి బిగబట్టండి. ఆ, ఇక వదలండి.
నిద్దట్లో కూడా అంటానట.
పక్కన మా ఆయన ఉలిక్కిపడి ఊపిరాపి
వదలమనేదాకా ఆగుతాడట, పిచ్చిమనిషి.

ఈ బాస్క్ లోయల్లో రాళ్లెత్తుతారు.
ఇల్లు కట్టడానికి కాదు, గోడ పెట్టడానికి కాదు,
ఎత్తడానికే ఎత్తుతారు.
గుండ్రాయి, దిమ్మరాయి, డోలులాంటి రాయి.
తొడల మీదికి లాగి, పొట్టకు హత్తుకొని,
భుజమ్మీదికి దొర్లించి
మళ్లీ పడేస్తారు
ఎక్కణ్ణుంచి తీశారో అక్కడే.
గెలిస్తే ఓ నల్ల టోపీ.

తర్వాత నా దగ్గరికొస్తారు.

మొన్న ప్రుడెన్ ఒలానో వచ్చాడు. అరవై నాలుగేళ్లు.
చొక్కా విప్పడానికే చాలాసేపు పట్టింది,
కుడిచెయ్యి చెవి దాటి పైకి పోదు.
బూట్ల లేసులు కోడలు కడుతుందట.
ఆ మాట గోడకి చెప్పాడు, నాకు కాదు.

తెర మీద అతని వెన్ను.
నాలుగో పూస ఐదో పూస మీద కూలబడింది,
కిక్కిరిసిన బస్సులో ఎవరి ఒళ్లోనో పడ్డవాడిలా.
మధ్యన ఉండాల్సిన మెత్తన లేదు.

"ఇంత చేసుకున్నందుకు గిట్టుబాటయిందంటావా?"
డాక్టర్ని అడగాల్సిన మాట నన్నడిగాడు.
పెళ్లిఫొటోలు తీసేవాడికి
కాపురం సంగతి ఏం తెలుస్తుంది?

ఆ పొద్దున్నే ఒక పోస్టాఫీసు గుమాస్తా వచ్చి వెళ్లాడు.
జన్మలో నీళ్లబిందెడు బరువు ముట్టని మనిషి.
అదే నాలుగు, అదే ఐదు, అదే కూలిన సందు.
ప్రుడెన్‌కి చెబుదామనుకొని ఆగాను,
ఓదార్పవుతుందో అవమానమవుతుందో తేలక.

అతనే అన్నాడు:
"రాత్రి మూడింటికి వస్తుంది నొప్పి.
పక్కకి తిరగాలంటే ముందు లెక్క వేసుకోవాలి.
మనవరాలు పుడితే ఎత్తుకోనివ్వలేదు,
కుర్చీలో కూర్చోబెట్టి ఒళ్లో పెట్టారు. మూడున్నర కిలోలు.
కానీ అస్పెయితియాలో ఒకసారి, నాకు ఇరవయ్యారు,
ఏడో ఎత్తో ఎనిమిదో ఎత్తో,
రాయి దానంతటదే వచ్చి
భుజమ్మీద కూర్చుంది, పిల్లిలాగా.
ముందూ లేదు, మళ్లీ లేదు.
మిగతాదంతా మోతే."

ఇంకో ఫొటో మిగిలుంది.
పక్కకి తిరగండి అన్నాను. ఊపిరి బిగబట్టండి.
బిగబట్టాడు.
ఛాతీ నిండి, దవడ బిగిసి, కాళ్లు కొంచెం ఎడమై,
ఎంత అందంగా బిగబట్టాడంటే
వదలమనడం మరిచిపోయాను.

నేనూ ఎత్తుతున్నానని మాత్రం చెప్పలేదు.
నలభై ఆరేళ్లకి, గురువారాలు,
పాత మాంసం కొట్టు వెనక రేకుల షెడ్డులో.
నెరేయా అనే పాతికేళ్ల పిల్ల నేర్పుతుంది.
యాభై రెండు కిలోల గుండ్రాయి.
"నడుంతో కాదు, కాళ్లతో!" అని అరుస్తుంది.
ఈ ఊళ్లో నాకన్నా ఎక్కువ నడుములు
చూసినవాళ్లెవరే తల్లీ?

తెలిసీ ఎందుకంటే
పంతొమ్మిదేళ్లు జనాన్ని కదలకుండా నిలబెట్టాను,
నేనూ నిలబడిపోయానని చూసుకోలేదు.
ఇది సమాధానం కాదు. తెలుసు.
మొదటిసారి రాయి నేల విడిచినప్పుడు
నా నోట్లోంచి వచ్చిన చప్పుడు
అంతకుముందు నేనెప్పుడూ వినలేదు, అంతే.

మూడు వారాలుగా ఎడమ పిక్కదాకా
ఒక తీగ లాగుతోంది.
ఎక్కడ మొదలవుతుందో తెలుసు,
పూసల అంకె కూడా చెప్పగలను.

సాయంత్రం అందరూ వెళ్లాక గది నాదే, యంత్రం నాదే.
పలకకి వీపు ఆనించి నిలబడ్డాను. చల్లగా ఉంది.
కదల్లేదు. ఊపిరి బిగబట్టాను.
మీట అవతలి గదిలో ఉంటుంది,
అద్దం వెనక.
ఇక్కడ నిలబడ్డవాళ్లకి అందదు.

లైటు తీసి, తాళం వేసి
మెట్లెక్కాను, రెయిలింగు పట్టుకోకుండా.
రేపు గురువారం.